రెండో చుక్క

మూకండపల్లి,
2 ఫిబ్రవరి 2025

మామకు శశి నమస్కారం.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. మీ చెవి మిషన్ మళ్లీ ఈల వేస్తోందనీ, విసిగి డబ్బాలో పెట్టేశారనీ అత్త చెప్పింది. ఫోన్ మీకిస్తానంటే నేనే వద్దన్నాను. పోయినసారి మనిద్దరం అరుచుకుంటే పక్కింటావిడ తగాదా అనుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. అందుకే మీకు నచ్చినట్టు కాగితం మీద రాస్తున్నాను. ఫ్యాక్టరీలో తెలుగు రాసే పని పడదు కాబట్టి తప్పులుంటే దిద్దుకోండి.

అసలు సంగతి, కారు కిట్ వచ్చేసింది. లారీలోంచి ముక్కలు ముక్కలుగా దిగింది: ఇనుప గొట్టాల చాసీ, ఫైబర్ బాడీ, ఒక సంచి నిండా బోల్టులు. ఇంజను పాత మారుతీది, షెడ్డులో ముందే ఉంది. అమ్మ ఒకసారి చుట్టూ తిరిగి, "కారని చెప్పి పందిరి గుంజలు తెచ్చినావు గదరా శశీ" అంది. రోడ్డు మీద తిప్పడానికి దీనికి అనుమతి ఉండదు. మా ఇంటి వెనక కొత్త లేఔట్‌లో రోడ్లు వేసి ఇళ్లు కట్టని చోటు ఉంది. యజమాని ఒప్పుకున్నాడు, అక్కడే తిప్పుకుంటాను.

అన్నిటికీ పుస్తకంలో బొమ్మలు ఉన్నాయి గాని, పైపుల దగ్గరికి వచ్చేసరికి ఒకే ఒక వాక్యం: "బ్రేకు, పెట్రోలు పైపులను మీ వీలును బట్టి అమర్చుకోండి." నేను ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసేవాణ్ణి, పైపు వంచడం రాదు. మీరు ఇరవై ఎనిమిదేళ్లు ఫ్యాక్టరీ లైన్‌లో బండ్ల కింద పడుకుని పైపులు వేసినవారు. రెండు రోజులు వచ్చి పోగలరా?

మీ మేనల్లుడు,
శశికుమార్


కావేరిపట్టణం,
9 ఫిబ్రవరి

చిరంజీవి శశికి మామ దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. "పెండ్లి చేసుకోరా అంటే కారు కడతాడంట" అని తల కొట్టుకుంది. నేను మాత్రం సంతోషించాను. మన వంశంలో కార్ల కింద పడుకుని చూసినవాళ్లే గాని, లోపల కూర్చున్నవాళ్లు లేరు.

"మీ వీలును బట్టి" అని రాసినవాడెవడో దొరికితే రెండు తగిలించాలి. భోజనానికి పిలిచి, అన్నం మీ వీలును బట్టి వండుకోండి అన్నట్టుంది. నేను వచ్చేదాకా ఏ పైపూ ముట్టకు. బుర్రలో మాత్రం ఇది పెట్టుకో. బ్రేకు పైపుదీ పెట్రోలు పైపుదీ వేరువేరు దారులు. చాసీకి ఎడమ గొట్టం వెంట పెట్రోలు, కుడి గొట్టం వెంట బ్రేకు, రెండూ సైలెన్సర్ వేడికి దూరం. చాసీకన్నా కిందికి ఏదీ వేలాడకూడదు. జానెడుకొక క్లిప్పు పడాలి. రేకులోంచి పైపు దాటాల్సి వస్తే ఆ రంధ్రానికి రబ్బరు బుష్ లేకుండా దాటించకూడదు, రేకు అంచు రంపం లాంటిది. చక్రాల దగ్గరి మెత్తటి పైపు, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పినా లాగుకోకూడదు, టైరుకు రాసుకోకూడదు. అత్త ఫోన్‌కు నువ్వు పంపిన ఫొటోలో చూశాను, నీ కిట్‌లో బ్రేకు ఆయిల్ సిలిండర్‌కు ఒకటే గది ఉంది. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. నా భయమల్లా అదే.

ఇంకో సంగతి. కృష్ణగిరిలో ఒక శిక్షణ కేంద్రంవాళ్లు వారానికి రెండు రోజులు పైపు పని నేర్పమన్నారు. చెవిటివాడు పాఠం చెప్పేదేమిటయ్యా అంటే, "మీ చేతులు చూస్తే చాలు సార్" అని కాగితం మీద రాసి చూపించారు. మీ అత్త ఈ మాట వీధంతా చెప్పి వచ్చింది.

ఇరవయ్యో తేదీ సామాను తీసుకుని వస్తాను. అక్కను ఉలవచారు చేసి పెట్టమను.

మామ,
చెన్నకేశవ


మూకండపల్లి,
3 మార్చి

మామకు నమస్కారం.

మీరు మూడు రోజులు షెడ్డు నేల మీద పడుకుని వేసిన పైపులు చూడటానికి మా ఫ్యాక్టరీ నుంచి నలుగురు వచ్చారు. ప్రతి నట్టు మీదా రెండు పసుపు చుక్కలు ఎందుకని అడిగారు. లైన్‌లో అందరూ నట్టు బిగించాక ఒక చుక్క పెడితే, మీరు మాత్రం కాసేపాగి మళ్లీ వచ్చి, చేత్తో తడిమి చూసి రెండోది పెట్టేవారని చెప్పాను. టీ అంగడి అంకప్ప చిన్నాయన అక్కడే ఉన్నాడు. మీ పక్కన ఇరవై రెండేళ్లు పని చేసినవాడు కదా, నా మాట మధ్యలోనే అందుకున్నాడు. "చెన్నకేశవ రెండో సుక్క పెట్టినాడంటే నేను వంగి చూసేదే లే. కండ్లు మూసుకుని నా పని నేను చేసుకుంటా ఉంటి" అన్నాడు. బండి తయారైతే మొదటి సవారీ తనదేనని మీరు మాట ఇచ్చారట, రోజూ గుర్తు చేస్తున్నాడు.

ఒక చిన్న మాట. నేను కొన్న సీటు కుడివైపు పైపు క్లిప్పుల మీద ఆనుతోంది, అందుకని రెండంగుళాలు పైకి లేచింది. వచ్చినవాళ్లు "ట్రాక్టర్ మీద కూసున్నట్లుండావు గదప్పా" అని నవ్వారు. పైపును కొంచెం లోపలికి జరపవచ్చా? ఊరికే అడుగుతున్నాను.

శశి


కావేరిపట్టణం,
10 మార్చి

శశికి మామ దీవెనలు.

నలుగురూ నవ్వారని రాశావు. నీ సీటును చూసి నవ్వారా, నా పనిని చూసి నవ్వారా, అది నువ్వు రాయలేదు. పాతకాలం మనిషి మొరటుగా వేసి పోయాడని అనుకుని ఉంటారు. అనుకోనీ.

సీటు కాళ్లు కోయించు. లేదా వేరే సీటు కొను. పైపు జరగదు. లోపలికి జరిపితే అడ్డ రేకును తొలచాలి, బ్రేకు పైపు పెట్రోలు పైపును ఆనుకుని పోవాలి. ఆ రెండూ కాకూడదనే కదా మూడు రోజులు వీపు కాయలు కట్టేలా పడుకున్నాను. తప్పదనుకుంటే ఆగు. ఉన్న పద్నాలుగు మామిడి చెట్లూ కోతకు వస్తాయి, జూన్‌లో ఆ పని తీరాక వచ్చి చూస్తాను. నేను చుక్క పెట్టిన నట్టును ఇంకొకరు విప్పడం నాకు ఇష్టం ఉండదు.

కృష్ణగిరిలో పాఠాలు మొదలయ్యాయి. బాగానే సాగుతున్నాయి.

చెన్నకేశవ


మూకండపల్లి,
2 ఏప్రిల్

మామకు నమస్కారం.

ఆ ప్రశ్న వేసి మీ మనసు నొప్పించాను, మరిచిపోండి. మీ పనిని చూసి ఎవరూ నవ్వలేదు. సీటు సంగతి నేనే వేరే విధంగా సర్దుకున్నాను. పైపులు మీరు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

లేఔట్‌లో నాలుగు రోజులుగా తిప్పుతున్నాను. బ్రేకు బాగా పడుతోంది. అమ్మ కూడా ఒకసారి కూర్చుంది, కళ్లు మాత్రం తెరవలేదు.

శశి


మూకండపల్లి,
22 ఏప్రిల్

మామకు,

ఈ సంగతి ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆదివారం సాయంత్రం అంకప్ప చిన్నాయనను బండిలో ఎక్కించుకుని లేఔట్‌కు పోయాను. రెండు చుట్లు బాగానే తిరిగాం. మూడోసారి వాలు దిగేటప్పుడు బ్రేకు పెడల్ ఒక్కసారిగా నేలకు పోయింది. హ్యాండ్ బ్రేకు లాగితే వేగం తగ్గింది గాని ఆగలేదు. ప్రహరీ గోడకు కొట్టుకున్నాం. చిన్నాయన కుడి కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. ఆపరేషన్ అయింది, ప్రాణానికి ఏమీ లేదు. నాకు మోచేయి గీసుకుపోయింది, అంతే.

బండిని తెచ్చి షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పేశాను. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

శశి


కావేరిపట్టణం,
29 ఏప్రిల్

శశికి,

పైన దీవెనలు అని రాయడానికి మొహం చెల్లలేదు. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రాకముందే అంకప్ప కొడుకు అనంతకుమార్ మీ అత్త ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. ఒక నట్టు, దాని మీద రెండు పసుపు చుక్కలు, చుట్టూ కారిన బ్రేకు ఆయిల్. అంతకు మించి నాకు చూడనక్కర లేకపోయింది. ఆ నట్టు ఎప్పుడు బిగించానా, రెండోసారి తడిమానా లేదా అని వారం రోజులుగా గుర్తు తెచ్చుకుంటున్నాను. తడిమినట్టే ఉంది. కాని అరవై దాటినవాడి జ్ఞాపకం, దాన్ని నమ్మి ఏం లాభం?

శనివారం నేను హోసూరు వచ్చాను, నీకు చెప్పలేదు. ఆసుపత్రిలో అంకప్ప మంచం పక్కన గంటసేపు కూర్చున్నాను. వాడేదో అన్నాడు. చెవి మిషన్ పెట్టుకోలేదు కాబట్టి వినపడలేదు, వినాలనీ లేదు. కాలికి ఇనుప కడ్డీ వేశారు. వాడి భార్య వెంకటమ్మ ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. నేను కాలు విరగ్గొట్టిన మనిషి భార్య నాకు కాఫీ ఇస్తోంది, తాగకుండానే కింద పెట్టేశాను. లేచి ఇద్దరికీ చేతులు జోడించి, తప్పు నాదేనని చెప్పి వచ్చేశాను.

మూకండపల్లి అక్కడికి దగ్గరే, అయినా మీ ఇంటికి రాలేదు. అక్క ముఖం చూడలేను. బండి కింద దూరి నా తప్పును కళ్లారా చూసుకునే ధైర్యమూ లేదు. తిన్నగా బస్సెక్కేశాను. నీకు కూడా ఏమైనా అయి ఉంటే నేను ఏమైపోయేవాణ్ణో.

చెన్నకేశవ


మూకండపల్లి,
4 మే

మామా,

మీరు అలా రాయకండి. మీ తప్పేమీ లేదు. నేను నిజంగా చెబుతున్నాను, మీ తప్పు ఏమాత్రం లేదు. బండి నాది, నడిపింది నేను. ఎవరి వల్ల అయిందో ఇప్పుడు తవ్వుకోవడం వల్ల చిన్నాయన కాలు అతకదు కదా. ఆయన ఇంటికి వచ్చేశాడు. ఇంకెవరికీ మీ తప్పని చెప్పకండి.

అత్తను అడిగినట్టు చెప్పండి.

శశి


కావేరిపట్టణం,
11 మే

శశికి,

నీ ఉత్తరం చదివాక తల కొట్టేసినట్టయింది. నా చేతుల్లో పెరిగినవాడివి, "మీ తప్పేమీ లేదు మామా" అని నన్ను ఓదార్చే పరిస్థితి తెచ్చుకున్నాను. నీది మంచి మనసు, మీ అమ్మ పోలిక. కాని ఎవరికీ చెప్పవద్దన్నావే, అది మాత్రం నా వల్ల కాదు. తప్పు చేసి కుక్కిన పేనులా పడి ఉండటం నాకు చేతకాదు. ఎవరు అడిగినా చెబుతున్నాను.

కృష్ణగిరి కేంద్రానికీ పోయి చెప్పాను. పైపు వేసి మనిషి కాలు విరగ్గొట్టినవాడు పాఠం చెప్పకూడదని. వాళ్లు వద్దు వద్దన్నారు. నేను వినలేదు.

పైపు వంచే సామానంతా ఒక గోనెసంచిలో కట్టి హోసూరు బస్సు కండక్టర్ చేతికిచ్చాను. బస్టాండులో తీసుకో. నీకు పనికొస్తే వాడు, లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యి. ఇంట్లో ఉంటే చేతులు దాని మీదికే పోతున్నాయి.

చెన్నకేశవ


మూకండపల్లి,
25 మే

మామా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఈసారి చింపను.

మొన్న కల్లావిలో మన బంధువుల పెళ్లిలో మీరు నాకు ఎదురు పంక్తిలో కూర్చున్నారు. ఎవరో పెద్దాయన మీ చెవి దగ్గర వంగి "మీ అల్లుని కారు గోడకు కొట్టినాదంట గదా, ఏమయిందప్పా" అని గట్టిగా అడిగాడు. మీరు పంక్తి అంతా వినేలా "వానిదేమీ తప్పు లేదప్పా. నేను ఏసిన పైపే పోయినాది. నా చేతగానితనం" అన్నారు. వడ్డించేవాళ్లు కూడా ఆగిపోయారు. మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను తల వంచుకుని, ఆకులో రసం అన్నం కలుపుతూ కూర్చున్నాను. ఆకు ఖాళీ అయ్యేదాకా తిన్నాను మామా. నాకు అన్నం ఎలా దిగిందో తెలియదు, కాని దిగింది.

ఆ పైపు మీరు వేసినట్టు లేదు. మీ మార్చి ఉత్తరం వచ్చిన వారానికే నేను దాన్ని విప్పాను. నలుగురు నవ్వారని, రెండంగుళాల ఎత్తు కోసం. అడ్డ రేకుకు రంధ్రం వేసి, పైపును చేత్తోనే వంచి అందులోంచి దాటించాను. రబ్బరు బుష్ వెయ్యలేదు, తరువాత వేద్దామనుకున్నాను. వంపు దగ్గర పైపు నలిగింది, చూశాను కూడా. పెట్రోలు పైపుతో కలిపి ప్లాస్టిక్ పట్టీతో కట్టేశాను. మీరు వద్దన్నవి ఒక్కటీ వదల్లేదు. నలిగిన చోటు రేకు అంచుకు రాసుకుని రాసుకుని తెగింది, అక్కడి నుంచి కారిన ఆయిలే మీరు ఫొటోలో చూసిన నట్టు చుట్టూ చేరింది. ఆ రోజు పెట్రోలు పైపు కూడా తెగి ఉంటే ఇద్దరం కాలిపోయేవాళ్లం.

ఇంతకన్నా పెద్దది ఇంకొకటి ఉంది. నట్టు విప్పినప్పుడు మీ రంగు పగిలిపోయింది. పెయింట్ అంగడిలో చిన్న పసుపు డబ్బా కొని, అగ్గిపుల్లతో రెండు చుక్కలు నేనే పెట్టాను. మీరు జూన్‌లో వచ్చి చూస్తే బాధపడతారని పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. మీరు కనిపెట్టకూడదని పెట్టాను.

ఆదివారం బండి ఎక్కే ముందు అంకప్ప చిన్నాయన మోకాళ్ల మీద వంగి కిందికి చూశాడు. రబ్బరు బుష్ లేదని ఆయనకు కనిపించలేదు, చుక్కలు కనిపించాయి. "ఉండాయి, రెండూ ఉండాయి. ఇంగ పదప్పా" అని ఎక్కి కూర్చున్నాడు. అప్పుడే చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది. ఆయన అప్పటికే తలపాగా బిగించుకుని నవ్వుతున్నాడు, నేను తాళం తిప్పాను.

నేను ఫ్యాక్టరీలో ఇతరుల కొలతలు సరిచూసి సంతకం పెట్టేవాణ్ణి. సరిచూడకుండా సంతకం పెడితే ఏమవుతుందో నాకు తెలియక కాదు.

మీ గోనెసంచి విప్పలేదు. మీరు కృష్ణగిరికి పోయి నిజం చెప్పి, మళ్లీ పాఠాలు మొదలుపెట్టండి. ఒక్కటే అడుగుతున్నాను. అంకప్ప చిన్నాయనకు ఈ సంగతి మీరే చెప్పండి. మీరు చెబితే కోపం తగ్గుతుంది. నాకు ఆ ఇంటి గడప ఎక్కే మొహం లేదు.

శశి


కావేరిపట్టణం,
31 మే

శశికి మామ రాసేది.

నీ ఉత్తరం మొదటిసారి చదివాక నేనేం చేశానో రాస్తాను, ఎవరికీ చెప్పకు. లేచి నిలబడి నవ్వాను. మీ అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నాది కాదే తిమ్మమ్మా, నా పైపు కాదు" అని ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. సేమ్యా ఉంటే పాయసం చెయ్యమన్నాను. ఆమె పాలు పొయ్యి మీద పెట్టింది. పాలు పొంగే సమయానికి అంకప్ప గుర్తొచ్చాడు. తప్పు నాదైతేనేం, నీదైతేనేం, వాడి కాలు విరిగినట్టే ఉంది, కడ్డీ అలాగే ఉంది. వాడు మంచం మీద ఉండగా నేను పాయసం చేయించుకుంటున్నాను. నెల రోజులు నేను ఏడ్చింది వాడి కాలికా, నా పేరుకా అని అప్పుడు నన్ను నేను అడుక్కున్నాను. జవాబు మంచిది రాలేదు. పాయసం పక్కింటికి పంపేశాం.

కాబట్టి నీకు నీతులు చెప్పే అర్హత నాకూ కొంచెం తక్కువే. అయినా చెబుతాను, మామను కదా.

నీ మీద కోపం లేదని రాయను. చాలా ఉంది. పైపు జరిపినందుకు అంత లేదు, అలాంటి తెలివితక్కువ పనులు వయసులో నేనూ చేశాను. కల్లావిలో నేను ఆ మాట అన్నప్పుడు నువ్వు అన్నం కలుపుతున్నావే, అది గుర్తొస్తే ఒళ్లు మండుతోంది. నా పేరుతో నువ్వు పెట్టిన చుక్కను నమ్మి వాడు ఎక్కాడు.

మార్చిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు నాకూ రోషం అడ్డొచ్చింది. నలుగురు నవ్వారన్న మాట పట్టుకున్నాను గాని, నువ్వు పైపు విప్పబోతున్నావని తెలుసుకోలేదు. ఒక రోజు బస్సెక్కి వచ్చి సీటు కాళ్లు కోయించి పోయి ఉంటే సరిపోయేది. మామిడి చెట్లు ఎక్కడికీ పోవు. ఇది నీ తప్పును తగ్గించడానికి రాయడం లేదు, ఉన్నది రాస్తున్నాను.

కృష్ణగిరి సంగతి తరువాత చూద్దాం. అక్కకు నువ్వే చెప్పు, ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు.

ఇక అంకప్పకు నేను చెప్పాలన్నావు. చెప్పను. గురువారం ఎనిమిది గంటల బస్సుకు వస్తాను, హోసూరు బస్టాండుకు వచ్చి నిలబడు. ఇద్దరం కలిసి వాడి ఇంటికి పోదాం. గడప నువ్వు ముందు ఎక్కు. వెంకటమ్మ కూడా ఉన్నప్పుడే చెప్పు, చుక్కల సంగతితో సహా. వాడు తిడితే తిట్టించుకో, పొమ్మంటే లేచి రా. నీ తరపున నేను ఒక్క మాట కూడా మాట్లాడను. పక్కన కూర్చుంటాను.

మీ మామ,
చెన్నకేశవ